పిల్లాపాపలతో ఎడారిలో రెండు రాత్రులు: జాషువా ట్రీ క్యాంపింగ్‌కు ఎలా సిద్ధం కావాలి

"మేం రెంటచింతల ఎండ చూసినవాళ్లం, ఇదొక ఎండా అమ్మాయ్" అంటూ మా నాన్న టోపీ కారులోనే వదిలేసి నడక మొదలుపెట్టారు. మార్చి నెల, చల్లగాలి, మైలు దూరం నడక. నిజంగానే అది ఎండలా అనిపించలేదు. సాయంత్రానికి ఆయనకు తలపోటు, రాత్రి అన్నం ముందు వాంతి. "చెమటే పట్టలేదు కదా, దాహం వేయలేదు" అన్నారు. అసలు చిక్కు అక్కడే ఉంది. విజయవాడలో చెమట చొక్కాకు అంటుకుని కనబడుతుంది కాబట్టి నీళ్లు తాగుతాం. ఎడారి గాలి ఎంత పొడిగా ఉంటుందంటే చెమట పట్టీపట్టగానే ఆరిపోతుంది. ఒంట్లో నీళ్లు పోతూనే ఉంటాయి, మనకు తెలియదు. ఎండ మనకు కొత్త కాదన్న ధీమా ఇక్కడ పనికిరాదు. అదే రాత్రి ఇంకో పాఠం కూడా నేర్చుకున్నాం, చలి గురించి. అది తర్వాత చెబుతాను.

దక్షిణ కాలిఫోర్నియాలో ఉండేవాళ్లకు, అక్కడికి చుట్టపుచూపుగా వచ్చేవాళ్లకు ఎడారి రుచి చూడటానికి జాషువా ట్రీ నేషనల్ పార్క్ మంచి చోటు. లాస్ ఏంజెలిస్‌కు తూర్పున దాదాపు 140 మైళ్లు. 1936లో నేషనల్ మాన్యుమెంట్ అయింది, 1994లో నేషనల్ పార్క్ అయింది. ఒకే పార్కులో రెండు ఎడారులు కలుస్తాయి. ఎత్తుగా ఉన్న పడమటి భాగం మొహావీ, దిగువన తూర్పు భాగం కొలరాడో ఎడారి. జాషువా ట్రీలు కనబడేది మొహావీలోనే. పేరుకు చెట్టే గానీ, మన ఊళ్లలో గట్ల మీద పెరిగే కిత్తనారకు ఇది చుట్టం. మాను కోసినా వయసు చెప్పే వలయాలు ఉండవు.

ముందుగా నెల, తిథి చూసుకోండి

అక్టోబరు, నవంబరు, ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ నడిమి వరకు బాగుంటుంది. వసంతంలో, శరత్కాలంలో పగలు 29 డిగ్రీల సెల్సియస్ దాకా, రాత్రి 10 డిగ్రీల దాకా ఉంటుంది. డిసెంబరు, జనవరిలో పగలు హాయిగానే ఉన్నా రాత్రి నీళ్లు గడ్డకట్టే చలి. వేసవిలో 38 డిగ్రీలు దాటుతుంది. జూన్ నుంచి సెప్టెంబరు వరకు పిల్లలతో క్యాంపింగ్ మాట మర్చిపోండి. సెలవులు అప్పుడే కదా అని చాలామంది వెళ్తారు, నేనైతే వద్దంటాను.

తర్వాత పంచాంగం తీయండి. రాత్రి ఆకాశం బాగా చీకటిగా ఉండే చోట్లకిచ్చే డార్క్ స్కై పార్క్ గుర్తింపు ఈ పార్కుకు 2017లో వచ్చింది. అమావాస్యకు అటూ ఇటూ నాలుగైదు రోజుల్లో వెళ్తే ఆకాశం చూసి పిల్లలు నోరెళ్లబెడతారు. పౌర్ణమికి వెళ్తే చుక్కలు తక్కువ, కానీ బండల మీద వెన్నెల మరో అందం. మా పెద్దవాళ్లకు వెన్నెల రాత్రే నచ్చింది, టార్చ్ లేకుండా తిరగొచ్చని.

క్యాంప్ సైట్ ఎక్కడ తీసుకోవాలి

సీజన్‌లో వారాంతాలకు సైట్లు తొందరగా అయిపోతాయి. రిక్రియేషన్ డాట్ గవ్ వెబ్‌సైట్‌లో ఆరు నెలల ముందు నుంచే బుకింగ్ తెరుస్తారు. శుక్ర, శనివారాలు కావాలంటే ఆ తేదీకి అలారం పెట్టుకోవాల్సిందే. హిడెన్ వ్యాలీ, బెల్, వైట్ ట్యాంక్ మాత్రం ముందొచ్చినవాళ్లకే ఇస్తారు. పిల్లల్ని, సామాన్లని వేసుకుని శుక్రవారం సాయంత్రం అక్కడికెళ్లి ఖాళీ కోసం వెతకడం కన్నా ఇంట్లో పడుకోవడం మేలు.

మొదటిసారి వెళ్లేవాళ్లు, ముఖ్యంగా ఇండియా నుంచి అమ్మానాన్నలు వచ్చి ఉన్నవాళ్లు బ్లాక్ రాక్ తీసుకోండి. కుళాయి నీళ్లు, ఫ్లష్ టాయిలెట్లు ఉంటాయి, యక్కా వ్యాలీ ఊరు పక్కనే. కాకపోతే అక్కడి నుంచి పార్కు లోపలికి నేరుగా రోడ్డు లేదు. మళ్లీ హైవే ఎక్కి వెస్ట్ ఎంట్రన్స్ గుండా వెళ్లాలి. ఇండియన్ కోవ్ సంగతీ అంతే. దక్షిణాన కాటన్‌వుడ్‌లో కూడా నీళ్లు, ఫ్లష్ టాయిలెట్లు ఉన్నాయి గానీ చుట్టూ జాషువా ట్రీలు ఉండవు.

జంబో రాక్స్ అన్నిటికన్నా అందమైనది. ఏనుగులంత బండల మధ్య టెంట్ వేసుకుంటాం, పిల్లలకు వేరే ఆట వస్తువు అక్కర్లేదు. నీళ్లు మాత్రం చుక్క ఉండవు, గుంట టాయిలెట్లే ఉంటాయి. మాలాగే ఒకసారి బ్లాక్ రాక్‌లో అలవాటు పడి, రెండోసారి జంబో రాక్స్‌కు వెళ్లండి.

ఒక సైట్‌కు ఆరుగురు, మూడు టెంట్లు, రెండు కార్లు మించకూడదు. మూడు కుటుంబాలు కలిసి వెళ్తుంటే పక్కపక్క సైట్లు ముందే చూసుకోవాలి. రాత్రి పది నుంచి ఉదయం ఆరు వరకు చప్పుడు చేయకూడదు. పాటల స్పీకర్, అంత్యాక్షరి పదింటికల్లా ఆపేయాలి. ఎడారిలో మాట చాలా దూరం పోతుంది.

నీళ్ల లెక్క

ఈ ఒక్క లెక్క మాత్రం కాగితం మీద రాసుకుని చేయండి. మనిషికి రోజుకు కనీసం ఒక గ్యాలన్, అంటే సుమారు 3.8 లీటర్లు. నడక ఉంటే రెండు గ్యాలన్లు. నడకలతో కలిపి ఐదుగురికి రెండు రోజులంటే 20 గ్యాలన్లు. మేం మొదటిసారి అరలీటరు సీసాలు 24 ఉన్న కట్ట ఒకటి పట్టుకెళ్లాం. 12 లీటర్లన్న మాట. మర్నాడు పొద్దున టిఫిన్ అయ్యేసరికి అయిపోయాయి. మా ఆయన మళ్లీ ఊళ్లోకి పరిగెత్తాడు.

5 గ్యాలన్ల క్యాన్లు నాలుగు కొనండి. మన ఊళ్లో ఇంటికి వచ్చే 20 లీటర్ల వాటర్ టిన్నుకూ దీనికీ పెద్ద తేడా లేదు. కింద కుళాయి ఉన్న క్యాన్ అయితే చేతులు కడుక్కోవడానికి, గిన్నెలకు వీలుగా ఉంటుంది. ఇవి కాక మనిషికో పెద్ద సీసా. వాటిలో నాలుగైదు సీసాల్లో ముప్పాతిక వరకు నీళ్లు పోసి ముందు రోజు ఫ్రీజర్‌లో పెట్టండి. కూలర్‌లో ఐస్ బదులు అవే ఉంటాయి, కరిగాక తాగొచ్చు.

ఉత్త నీళ్లు మాత్రమే తాగుతూ పోతే ఒంట్లో ఉప్పు తగ్గుతుంది, అదీ ప్రమాదమే. ఓఆర్‌ఎస్ ప్యాకెట్లు అరడజను పెట్టుకోండి. మొదటి రోజుకు ఉప్పేసిన మజ్జిగ, తర్వాత వేయించిన పల్లీలు, జంతికలు. దాహం వేసేదాకా ఆగకుండా అరగంటకోసారి అందరి చేతా నాలుగు గుటకలు తాగించండి. మా ఇంట్లో ఈ పని ఎనిమిదేళ్ల మా పాపకు అప్పగించాం. తాతయ్యను గదమాయించే అధికారం దొరికిందని మహా ఉత్సాహంగా చేస్తుంది.

పెద్దవాళ్లు బీపీకి వాడే మందుల్లో నీటి బిళ్లలు (మూత్రం ఎక్కువ పోయేలా చేసేవి) ఉంటే ఒంట్లో నీళ్లు ఇంకా త్వరగా తగ్గుతాయి. బయల్దేరే ముందు డాక్టర్‌తో ఒక మాట మాట్లాడండి. ఇన్సులిన్ ఉంటే కూలర్‌లో పెట్టాలి, కానీ ఐస్‌కు తగలకుండా గుడ్డ చుట్టి.

వంట

మన వంటకు నీళ్లు ఎక్కువ పడతాయి. బియ్యం కడగాలి, పప్పు కడగాలి, సాంబారు గిన్నె తోమాలి. అందుకే కడగడం అంతా ఇంట్లోనే పూర్తి చేయండి. బియ్యం కడిగి నీడన ఆరబెట్టి డబ్బాలో పోసుకుంటే అక్కడ ఎసరు పెట్టడమే. ఉప్మాకు రవ్వ వేయించి, పోపు, జీడిపప్పు, ఉప్పు కలిపి ఉంచితే వేడినీళ్లు పోస్తే చాలు. మొదటి రోజు మధ్యాహ్నానికి చింతపండు పులిహోర. అది త్వరగా పాడవదు, పైగా ఉప్పూ పులుపూ ఎండలో తిరిగినవాళ్లకు హితవుగా ఉంటాయి. పెరుగన్నం మాత్రం కూలర్‌లోంచి తీసిన వెంటనే తినేయాలి. కూరలూ వేపుళ్లూ ఇంట్లో చేసి తీసుకెళ్తే చాలు. అక్కడ నూనె మూకుడు పెట్టొద్దు.

రెండు బర్నర్ల గ్యాస్ స్టవ్, ఒక చిన్న కుక్కర్, ఒక గిన్నె. ప్లేట్లు ముందు టిష్యూతో తుడిచి, తర్వాత కొద్ది నీళ్లతో కడగండి. మెతుకులతో ఉన్న నీళ్లు నేల మీద పారబోయకండి. జంతువులు వస్తాయి. తిండి, చెత్త, టూత్‌పేస్ట్‌తో సహా వాసన వచ్చేవన్నీ రాత్రి కారులో పెట్టి తలుపేయాలి. ఇక్కడి కాకులు సంచుల జిప్పులు కూడా లాగుతాయి. రాత్రి కొయోటీలు (నక్కల్లాంటి జంతువులు) అరుస్తాయి. పిల్లలకు ముందే చెప్పి ఉంచండి, లేకపోతే టెంట్‌లో ఏడుపులే.

పార్కులో ఒక్క పుల్ల కూడా ఏరకూడదు. చలిమంటకు కట్టెలు ఊళ్లో కొని తీసుకెళ్లాలి, సైట్‌లో ఉన్న ఇనుప కుంపటిలోనే వెలిగించాలి. ఎండాకాలంలో కొన్నిసార్లు మంటలు పూర్తిగా నిషేధిస్తారు కాబట్టి బయల్దేరే ముందు పార్కు వెబ్‌సైట్‌లో చూసుకోండి.

ఇంకో సంగతి. గుంట టాయిలెట్లలో నీళ్లుండవు. పెద్దవాళ్లు మొహమాటపడి అడగరు గానీ వాళ్ల మొదటి బెంగ ఇదే. ఒక మగ్గు, వాళ్ల కోసం ప్రత్యేకంగా ఒక గ్యాలన్ క్యాన్, సబ్బు విడిగా పెట్టి ముందే చూపించండి. తడి వైప్స్ ఆ గుంటల్లో వేయకూడదు, చెత్తబుట్టలోనే వేయాలి.

బయల్దేరే రోజు

శుక్రవారం సాయంత్రం ఐ-10 హైవే మీద వెళ్లడమంటే కారులోనే క్యాంపింగ్. సగం రోజు సెలవు పెట్టి మధ్యాహ్నానికి ముందే కదలండి, లేదా శనివారం తెల్లవారుజామున. పార్కు లోపల పెట్రోలు బంకు లేదు, హోటల్ లేదు, కొట్టు లేదు. యక్కా వ్యాలీలో పెద్ద సూపర్ మార్కెట్లున్నాయి, ట్యాంకూ నీళ్లూ అక్కడే నింపుకోండి. వారాంతాల్లో వెస్ట్ ఎంట్రన్స్ దగ్గర కార్లు బారులు తీరి ఉంటే ఇంకాస్త ముందుకెళ్లి ట్వంటీనైన్ పామ్స్ వైపు నార్త్ ఎంట్రన్స్ నుంచి లోపలికి వెళ్లండి. జంబో రాక్స్‌కు ఆ దారే నయం.

లోపల చాలాచోట్ల ఫోన్ సిగ్నల్ రాదు. నేషనల్ పార్క్ సర్వీస్ (ఎన్‌పీఎస్) యాప్‌లో పార్కు మొత్తం ఆఫ్‌లైన్‌కు సేవ్ చేసుకోండి, గేటు దగ్గర ఇచ్చే కాగితం మ్యాప్ పారేయకండి. ఏ బండ వెనకాలకు, ఎన్ని గంటలకు వస్తామో ఇంట్లో ఉన్నవాళ్లకో స్నేహితులకో మెసేజ్ పెట్టి మరీ లోపలికి వెళ్లండి. అత్యవసర ఫోన్లు హిడెన్ వ్యాలీ క్యాంప్‌గ్రౌండ్ దగ్గర ఇంటర్‌సెక్షన్ రాక్ పార్కింగ్‌లోనూ, ఇండియన్ కోవ్ రేంజర్ స్టేషన్ దగ్గరా ఉన్నాయి. ఐఫోన్ 14, ఆ తర్వాతి మోడళ్లలో శాటిలైట్ ద్వారా సహాయం అడగొచ్చు. అదెలాగో ఇంటి దగ్గరే ఒకసారి చూసి పెట్టుకోండి.

టెంట్, చలి

వెలుతురు ఉండగానే టెంట్ వేయాలి. చలికాలంలో ఐదింటికల్లా పొద్దు గూకుతుంది. మెత్తటి ఇసుక పరిచినట్టున్న ఎండిన వాగులో ఎప్పుడూ వేయకండి. ఎక్కడో కొండ మీద వాన పడితే ఇక్కడ చినుకు లేకుండానే వరద వచ్చేస్తుంది. గాలి బలంగా వీస్తుంది, టెంట్ మేకులు అన్నీ కొట్టండి, మేకు దిగని చోట తాళ్లను బరువైన సామానుకు కట్టండి. చెట్లకు మాత్రం తాడు కట్టకూడదు. మా అత్తయ్య పసివాడి కోసం చీర ఉయ్యాల వేద్దామని జాషువా ట్రీ వైపు చూసింది. హామాక్ (వల ఉయ్యాల) అయినా చీర ఉయ్యాల అయినా ఇక్కడ చెట్లకు కట్టడం నిషేధం.

ఇక ఆ చలి రాత్రి కథ. గాలి పరుపులు మూడు, పైన మంచి రగ్గులు. అర్ధరాత్రి పాప వణుకుతూ లేచింది. పైన ఎన్ని కప్పినా వేడెక్కలేదు. చివరికి అందరం కారులో హీటర్ వేసుకుని కూర్చున్నాం. మర్నాడు పక్క సైట్ ఆవిడ నవ్వుతూ చెప్పింది, పరుపులోని గాలి నేలంత చల్లబడి ఒంటి వేడిని కిందికి లాగేస్తుందని. చలి పైనుంచి కాదు, కిందనుంచి వస్తుంది. గాలి పరుపు మీద ముందు ఫోమ్ చాప, దాని మీద బొంత, ఆ పైన మనిషి, ఆ పైన స్లీపింగ్ బ్యాగ్ లేదా రగ్గు. జంబో రాక్స్ దాదాపు 4,400 అడుగుల ఎత్తు. లంబసింగి కన్నా ఎత్తన్నమాట. ఉన్ని టోపీ, సాక్సులు, స్వెటర్లు అందరికీ తప్పనిసరి. పగలు వేసుకున్న బట్టల్లో చెమట ఉప్పు, చెమ్మ ఉంటాయి కాబట్టి పడుకునే ముందు పొడి బట్టలు మార్చాలి. టెంట్‌లో స్టవ్ గానీ బొగ్గుల కుంపటి గానీ పెట్టొద్దు, ప్రాణాలు పోతాయి.

నడకలు

పొద్దున ఎనిమిదికల్లా మొదలుపెట్టి పదకొండుకల్లా నీడకు చేరాలి. మధ్యాహ్నం నిద్ర, చీట్లపేక, మళ్లీ నాలుగింటికి రెండో విడత. పొడుగు చేతుల పలచటి బట్టలు, అంచున్న టోపీ, వేళ్లు కనబడని బూట్లు. చెప్పులతో నడిస్తే ఏమవుతుందో చోయా అనే ముళ్ల క్యాక్టస్ చెబుతుంది.

పిల్లలకైనా పెద్దలకైనా మొదట హిడెన్ వ్యాలీ. మైలు పొడవున్న గుండ్రటి దారి, చుట్టూ కోటగోడలా బండలు. పెద్దవాళ్లకు క్యాప్ రాక్ ఇంకా తేలిక, చదునుగా అర మైలు లోపే. స్కల్ రాక్ జంబో రాక్స్ పక్కనే, పుర్రెలా ఉన్న బండ ముందు ఫొటో అందరూ తీసుకుంటారు. బార్కర్ డ్యామ్ కూడా మైలు పైచిలుకే, కానీ చెరువు చూద్దామని వెళ్లకండి, చాలాసార్లు ఎండిపోయి ఉంటుంది. పదేళ్లు దాటిన పిల్లలుంటే రయాన్ మౌంటెన్ ఎక్కొచ్చు. రానూపోనూ మూడు మైళ్లు, ఎక్కుడు వెయ్యి అడుగుల పైనే, నీడ బొత్తిగా లేదు. తెచ్చిన నీళ్లలో మూడో వంతు అయిపోయాయంటే శిఖరం ఎంత దగ్గరున్నా వెనక్కి తిరగండి.

సూర్యాస్తమయానికి అందరూ కీస్ వ్యూకు వెళ్తారు. 5,185 అడుగుల ఎత్తు నుంచి కోచెల్లా లోయ, శాన్ ఆండ్రియాస్ ఫాల్ట్ (భూమి పొరల్లోని పెద్ద పగులు) కనబడతాయి. గాలి మాత్రం కోసేస్తుంది, జాకెట్లు కారులో ఉంచుకోండి. నా ఓటు సూర్యోదయానికి, అదీ చోయా క్యాక్టస్ గార్డెన్‌లో. ఏటవాలు వెలుతురు పడితే ముళ్లన్నీ దీపాల్లా వెలుగుతాయి. పావు మైలు దారి. పిల్లల్ని చేయి పట్టుకునే నడిపించండి. చూడటానికి బొచ్చు బొమ్మలా ఉంటుంది, తాకితే ముక్క ఊడి చర్మానికి పట్టుకుంటుంది. చేత్తో లాగితే ఆ చేతికీ అంటుకుంటుంది. దువ్వెన పళ్లను ముక్కకూ చర్మానికీ మధ్య దూర్చి ఒక్కసారి విదిలించాలి, మిగిలిన ముళ్లు చిన్న పట్టకారుతో తీయాలి. పాత దువ్వెన ఒకటి ప్రతి బ్యాగులోనూ ఉండాలి.

బండలెక్కే ఆట దగ్గర ఒకే నియమం పెట్టండి. ఎక్కడం తేలిక, దిగడం కష్టం. దిగడం చూపించాకే ఇంకాస్త పైకి. సందుల్లోకి కనబడకుండా చేయి పెట్టకూడదు, పాములుంటాయి. గిలక పాము బుసలాంటి చప్పుడు వినబడితే ఆగి, మెల్లగా వెనక్కి రావాలి. ప్రతి పిల్లకూ పిల్లాడికీ మెడలో ఈల. దారి తప్పితే తిరగొద్దు, ఉన్నచోటే కూర్చుని మూడుసార్లు ఊదమని చెప్పండి. బండల మధ్య అన్ని సందులూ ఒకేలా ఉంటాయి, పెద్దవాళ్లం మేమే ఒకసారి పార్కింగ్ ఎటో తెలియక పావుగంట తిరిగాం.

ఎవరికైనా తలపోటు, వికారం, కళ్లు తిరగడం మొదలైతే నడక అక్కడితో ఆపేయండి. నీడలో కూర్చోబెట్టి, తడిగుడ్డ మెడ మీద వేసి, ఓఆర్‌ఎస్ గుటకగుటకగా పట్టించాలి. మా నాన్న అలాగే కోలుకున్నారు. మాట తడబడుతున్నా, అయోమయంగా చూస్తున్నా, ఒళ్లు కాలిపోతున్నా అది వడదెబ్బ. ఒళ్లంతా తడుపుతూ వెంటనే సహాయం పిలవాలి.

ఎండ ముదిరితే తేనెటీగలు తేమ కోసం వస్తాయి. తడి గుడ్డ, మూత తీసిన సీసా, ఏసీ నీళ్లు కారే కారు, అన్నిటి మీదా వాలతాయి. అద్దాలు ఎత్తి ఉంచండి, తోలడానికి చేతులు విసరకండి.

రాత్రి చుక్కలు, పొద్దున సర్దుడు

భోజనాలయ్యాక దీపాలన్నీ ఆర్పి ఇరవై నిమిషాలు ఓపిక పట్టండి, కళ్లు చీకటికి అలవాటు పడతాయి. టార్చ్‌కు ఎర్ర కాగితం చుట్టండి. చలికాలం సాయంత్రాల్లో మా అమ్మ చూపించేది కృత్తికలను, ఆవిడ భాషలో పిల్లలకోడి. న్యూజెర్సీలో పుట్టిన మనవరాలికి ఆ కోడిపిల్లల్ని లెక్కపెట్టడం అరగంట పట్టింది.

పొద్దున బూట్లు దులిపి తొడుక్కోండి. టెంట్ మడిచాక సైట్ అంతా ఒకసారి నడిచి జీడిపప్పు ముక్కతో సహా ఏరండి. బూట్ల అడుగున చోయా ముక్కలేమైనా ఉన్నాయేమో చూశాకే కారెక్కండి, లేకపోతే సీటుకు దిగుతాయి. స్టార్ట్ చేసే ముందు వంగి కారు కింద చూడండి. వసంతంలో, శరత్కాలంలో ఎడారి తాబేళ్లు నీడ కోసం అక్కడికి చేరుతుంటాయి. ఉంటే అది దానంతట అది వెళ్లేదాకా ఆగాలి, చేత్తో ఎత్తకూడదు. భయపడితే నెలల తరబడి ఒంట్లో దాచుకున్న నీటిని అక్కడే వదిలేస్తుంది.